పిందె లేని పువ్వులు

ఆగస్టు 10

మళ్లీ ఒక పిందె పోయింది. రాలనైనా రాలలేదు, తీగ మీదే పసుపెక్కి మెత్తబడింది. ముట్టుకుంటే వేలికి అంటుకుంది. ఆ చేత్తోనే వచ్చి కుట్టుమిషన్ దగ్గర కూర్చోవాలి. సబ్బు పెట్టి కడిగాను, వాసన పోలేదు.

అమ్మ దాచిన గింజలు గుప్పెడు నేను పెడితే మొలిచింది ఒక్కటే. మిగతావి వానకు కుళ్లాయో, పందికొక్కు తిన్నదో. ఆ ఒక్క తీగా వెనక గోడంతా పాకి, పక్కింటి నర్సక్క వాళ్ల రేకుల మీదికి ఎక్కింది. ఆకులు చాటలంత. ఒక్క కాయ లేదు.

కార్తీకంలో అమ్మ పోయి ఏడాది అవుతుంది. ఆ రోజు ఈ గుమ్మడికాయే, బెల్లం వేసి, అమ్మ చేసినట్టే వండాలని నేనూ తమ్ముడు రవీందర్ అనుకున్నాం. సంతలో గుమ్మడికాయ దొరకదా అంటే దొరుకుతుంది. కానీ అది అమ్మ గుమ్మడి కాదు. పచ్చటి తోలు మీద తెల్ల చుక్కలు, కోస్తే లోపల మామిడిపండు రంగు. అమ్మ వాళ్లమ్మ దగ్గర్నుంచి వచ్చిన విత్తనం. ఈ తీగ కాయకపోతే ఇక ఎక్కడా లేదు.

బీర్పూర్‌లో అమ్మ ఇల్లు సర్దిన రోజు బూడిదలో కలిపి మూటగట్టిన గింజలు దొరికాయి. "నాక్కూడ గిన్ని ఇయ్యి వదినా" అని రవీందర్ భార్య గీత చెయ్యి చాపింది. సిరిసిల్లలో వాళ్లుండేది మేడ మీద, మట్టి ఎక్కడిది అని మొత్తం నా సంచిలో వేసుకున్నాను. అందులో తప్పేముంది? మొక్కల సంగతి నాకే తెలుసు.

ఆగస్టు 13

పొద్దు పొడవక ముందే లేచి పిందె లేని పువ్వులన్నీ తెంపాను. ఎల్లమ్మ పటానికి పెట్టాను, గడపకు పెట్టాను, తులసి దగ్గర పెట్టాను. ఒక్కటి కూడా తీగ మీద వదల్లేదు.

ఇది అమ్మ పద్ధతి. బీర్పూర్‌లో నాన్న కల్లు అమ్మే మండువ పక్కన దడి మీద గుమ్మడి పాకి ఉండేది. అమ్మ చీకటితోనే బుట్ట పట్టుకుని బయల్దేరేది, వెనకాల నేను. "పువ్వు కింద పిందె ఉంటే ముట్టకు బిడ్డా. లేనిది గొడ్డుపువ్వు. ఉట్టిగ తీగ బలం తాగుతది. తెంపి ఎల్లమ్మకు పెట్టు" అనేది. ఆ వాడలో ప్రతి దడి మీదా గుమ్మడే. అమ్మ ఎంత తెంపినా తీగలు కాస్తూనే ఉండేవి.

నేనూ అమ్మలాగే చేస్తున్నాను. మరి నాకెందుకు కాయదు?

ఆగస్టు 15

నర్సక్క మీగడ రంగు బ్లౌజు ముక్క మీద పసుపు మరక పడింది. పువ్వులు తెంపిన వేళ్లతోనే కత్తెర పట్టుకున్నాను. ఉతికితే ఇంకా పాకింది. చివరికి మరక ఉన్న చోటు చంక కిందికి వచ్చేలా కత్తిరించాను. చెప్పకపోతే తెలియదు. నా కొంగు సంగతీ అంతే, వానాకాలం మొదలైనప్పటి నుంచి పసుపే. ఈ పువ్వుల పొడి పట్టుకుందంటే వదలదు.

ఆగస్టు 16

మా ఆయన కరుణాకర్ జగిత్యాలలో ఇనుప సామాను దుకాణంలో పనిచేస్తాడు. రోజూ కోరుట్ల నుంచి బస్సులో పోయి రావడం. ఈ రోజు వస్తూనే, చెప్పులు కూడా విప్పకుండా, "నీ గుమ్మడి ఎందుకు కాస్తలేదో దొరికింది" అన్నాడు.

"ఏంది?"

"తేనెటీగలు లెవ్వు. ఈగలు రాకుంటే పిందె నిలువదట."

"ఎవరన్నరు?"

"బస్సుల ఒకాయన ఫోన్ల వీడియో పెట్టిండు. బస్సంతకు ఇనవడేటట్టు పెట్టిండు, ఇష్టమున్నా లేకున్నా ఇనాలె."

ఆలోచిస్తే నిజమే. ఈ ఏడు మా పెరట్లో తేనెటీగ కనిపించలేదు. చుట్టూ సిమెంటు ఇళ్లు. ఈగలు మాత్రం ఏం చూసుకుని వస్తాయి? వాటికి నచ్చే పూలమొక్కలు పెట్టాలి. ఇంత చిన్న సంగతి ముందే తట్టలేదు. ప్రాణం లేచివచ్చింది.

ఆగస్టు 17

జగిత్యాల నర్సరీకి వెళ్లాం. నర్సరీ అతను మేం చెప్పేది సగం కూడా వినలేదు.

"ఈగల కోసమా అక్కా? గీ కాగితపు పువ్వు వెట్టుండ్రి, దూరంకెళ్లి కనవడ్తది. గీ ముద్దబంతి సూడుండ్రి, ఎంత ఉన్నదో. గీ ముద్దమందారం. గుంపులు గుంపులుగ అస్తయ్."

క్రోటన్ కూడా చేతికిచ్చాడు, ఇదెందుకన్నాను. పువ్వు లేకపోయినా ఆకుకే రంగుందన్నాడు. అదీ తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానో ఇప్పుడు రాస్తుంటే అర్థం కావడం లేదు.

పెట్టడానికి చోటు లేక గోడవారగా దానంతటదే మొలిచిన గునుగు అంతా పీకేశాను. మా అత్తమ్మ పోశవ్వ అరుగు మీద కూర్చుని చూస్తూ, "గునుగు పీకకు పిల్లా, బతుకమ్మకు అక్కెరకస్తది" అంది. పిచ్చి మొక్క అత్తమ్మా అన్నాను. "నువ్వు దెచ్చినయ్ తెలివైనయా? కూరకు రావు, పచ్చడికి రావు. ఈగలే గావాల్నంటే ఒక బెల్లం ముక్క వారేస్తే అయిపాయె."

నవ్వు రాలేదు.

ఆగస్టు 20

ఈగలు రాలేదు.

ఆగస్టు 24

ముద్దబంతి విరగబూసింది. గంటసేపు స్టూలు వేసుకుని దాని ముందు కూర్చున్నాను. ఒక దోమ వచ్చింది. అది కూడా నన్నే కుట్టింది.

ఇంకో పిందె పోయింది.

ఆగస్టు 28

నర్సక్కతో గొడవ. ఆమె చిక్కుడు తీగకు మందు కొడుతోంది, వాసన మా వంటింట్లోకి వచ్చింది. నేను గోడ దగ్గరికి వెళ్లి, "నీ మందుకే ఈగలన్ని సచ్చినయ్ నర్సక్కా" అన్నాను.

"ఈగలు సస్తె మంచిదే గదనే!"

"తేనెటీగలంటున్న."

"తేనెటీగలైతే ఏంది, కుట్టయా? ముందుగాల నా బ్లౌజు సంగతి సూడు. చంకల పట్టేసింది, చెయ్యి లేవది."

లోపలికి వచ్చేశాను. మందు తప్పు ఆమెది, బ్లౌజు తప్పు నాది, రెండూ ఒకేసారి తేలే గొడవ కాదు.

సెప్టెంబర్ 2

ఈసారి నేనే ఫోన్‌లో వీడియోలు వెతికాను. ఒకావిడ చక్కగా చెప్పింది. ముద్దగా, రేకుల మీద రేకులున్న పువ్వులో ఈగకు లోపలికి దారే ఉండదట. కాగితపు పువ్వులో రంగంతా ఆకుదేనట. ఒంటి రేకు పువ్వులు పెట్టాలట. రేకబంతి, తులసి, రుద్రజడ, పూతకొచ్చిన కొత్తిమీర, ఆవాలు. గునుగు కూడా చాలా మంచిదట!

గునుగు. నేను పీకి పెంట మీద వేసిన గునుగు. కోపంతో ఫోన్ మంచం మీద విసిరాను.

తరువాత మళ్లీ తీసి చూశాను. అదే వీడియోలో ఆమె మగ పువ్వు, ఆడ పువ్వు అంటూ ఇంకేదో మొదలుపెట్టింది. ముందుకు జరిపేశాను. వాటి పెళ్లిళ్లు నాకెందుకు? ఏ మొక్కలు పెట్టాలో చెబితే చాలు.

సెప్టెంబర్ 4

కోరుట్ల సంతలో రేకబంతి నారు దొరికింది, అప్పుడే మొగ్గలతో ఉంది. రుద్రజడ పాత బస్టాండు దగ్గర పూలమ్మే ఆమె ఇంటి నుంచి అడిగి తెచ్చుకున్నాను. తొట్టిలో కొత్తిమీర పూతకొస్తోంది, ఇక కోయనన్నాను. కూరలో కొత్తిమీర ఏదని కరుణాకర్ అడిగాడు. ఈగలకు ఉంచానన్నాను. "మొగనికి లేదు, ఈగలకున్నది" అని పళ్లెంలోకి చూసుకుంటూ తిన్నాడు.

అత్తమ్మ ప్రతి ఉదయం తులసి వెన్నులు తుంచుతుంది, చెట్టు గుబురుగా పెరగాలని. తుంచొద్దని చెప్పాను. ఆమె నా వైపు అదోలా చూసింది. ఈ ఇంట్లో ఇప్పటివరకు తులసి జోలికి వచ్చిన కోడలు లేదు కాబోలు.

ముద్దబంతులన్నీ పీకేశాను. క్రోటన్ ఉంచాను, చచ్చినా అది చావడం లేదు.

సెప్టెంబర్ 11

వచ్చాయి!

పొద్దెక్కాక రుద్రజడ మీద గుయ్యిమని చప్పుడు. మొదట ఒకటి, తరువాత చాలా. చిన్నవి, నల్లటి చారలవి. కొత్తిమీర మీద, తులసి మీద, అక్కడి నుంచి గుమ్మడి ఆకుల్లోకి. పిందె ఉన్న పువ్వు ఒకటి ఈ రోజే విచ్చుకుంది, దాని లోపలికి దూరి తిరిగి తిరిగి బయటికొచ్చాయి. నేను చేతిలో బ్లౌజు, నోట్లో సూది పెట్టుకుని అక్కడే నిలబడిపోయాను. అత్తమ్మను పిలిచాను.

"అచ్చినయా? ఇగనన్న కొత్తిమీర కూరల ఎయ్యి" అంది.

ఎంత సంతోషంగా ఉందో. అమ్మ ఉంటే ఫోన్ చేసేదాన్ని.

సెప్టెంబర్ 13

రవీందర్ ఫోన్ చేశాడు. వెనకాల సాంచెల చప్పుడు, మగ్గాల మధ్య నిలబడి మాట్లాడతాడు, అందుకే ఎప్పుడూ అరుస్తాడు.

"అక్కా, కాయ దిగిందా?"

"దిగినయ్ రా. రెండు."

రెండు పిందెలూ పచ్చగానే ఉన్నాయి. ఒకటి మొన్నటిది, ఇంకోటి ఈ రోజుది. ఈగలు వచ్చాక ఇంకేం కావాలి? నేనేం అబద్ధం చెప్పలేదు, రెండు రోజులు ముందుగా చెప్పానంతే. "గీతా, రెండు కాసినయట!" అని అతను అరవడం, ఆమె ఏదో అనడం వినిపించింది. సంబరపడినట్టే ఉంది.

సెప్టెంబర్ 15

ఒకటి పసుపెక్కింది.

సెప్టెంబర్ 16

రెండోది కూడా.

సెప్టెంబర్ 18

నీళ్లు ఎక్కువయ్యాయని తగ్గించాను. తక్కువయ్యాయని పెంచాను. పేడ నీళ్లు పోశాను. బూడిద చల్లాను. ఎవరో దిష్టి అన్నారు, పాత చెప్పు కట్టాను. బలం చాలడం లేదేమోనని పిందె లేని పువ్వులను విచ్చుకోకముందే, మొగ్గలుగా ఉన్నప్పుడే కొన్ని గిల్లేశాను. తీగకు ఇంతకన్నా ఎవరు చేస్తారు?

ఈగలు మాత్రం రోజూ వస్తున్నాయి. తాగి పోతున్నాయి. ఉచిత హోటల్ పెట్టినట్టుంది నా సంగతి.

సెప్టెంబర్ 21

ఎంగిలిపూల బతుకమ్మ, పండుగ మొదటి రోజు. చీకటితోనే గల్లీలో ఆడవాళ్లంతా మా గేటు దగ్గర. "వనితా, రెండు గుమ్మడి పువ్వులియ్యి", "వదినా, నాకూ". మాట్లాడడం మానేసిన నర్సక్క కూడా పళ్లెం పట్టుకుని వచ్చింది. పండుగకు పగ ఎందుకని ఇచ్చాను. గొడ్డుపువ్వులే కదా, ఉండి ఏం చేస్తాయి? పిందె ఉన్నవాటి జోలికి ఎవర్నీ పోనివ్వలేదు, చెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డాను.

గునుగు కొనాల్సి వచ్చింది. అత్తమ్మ ఏమీ అనలేదు. ఏమీ అనకుండా గునుగు కట్ట నా ముందు పెట్టి చివర్లు కత్తిరించడం మొదలుపెట్టింది, అది ఇంకా కష్టంగా ఉంది.

సాయంత్రం ఆటలో చూస్తే మా గల్లీ ప్రతి బతుకమ్మలోనూ అమ్మ తీగ పువ్వు ఉంది. అది చూసి ఏడుపొచ్చింది. సంతోషమో, మరోటో.

సెప్టెంబర్ 24

ఇంకోటి కుళ్లింది. ఈగలున్నాయి. పువ్వులున్నాయి. నీళ్లున్నాయి. ఏం లేదు? ఎవరైనా చెప్పండి నాకు, ఏం లేదు?

సెప్టెంబర్ 25

రవీందర్ మళ్లీ ఫోన్. సద్దుల బతుకమ్మకు గీత జగిత్యాలలో తల్లిగారింటికి వస్తుందట. తెల్లారి కోరుట్ల వచ్చి కాయలు చూసి పోతుందట.

"సూసుడెందుకురా? నమ్ముతలేరా నన్ను?"

"అట్ల గాదక్కా. అది ముచ్చట పడుతున్నది. ఒక ఫోటో అన్న పెట్టరాదు."

"ఫోటోలు పెడితే దిష్టి తగుల్తది. గింజలు నేను దాసుకున్ననని మనసుల ఉన్నది మీకు, గందుకే గీ ఆరాలు."

"నేనెప్పుడన్ననే గా మాట?"

అనలేదు. ఎప్పుడూ అనలేదు. ఫోన్ పెట్టేశాను. అనలేదని తెలిసినకొద్దీ కోపం ఎక్కువైంది.

ఇక ఐదు రోజుల్లో గీత వచ్చి వెనక గోడ ముందు నిలబడుతుంది. ఏం చూపించాలి? క్రోటన్ చూపించనా?

సెప్టెంబర్ 26

ఆరో రోజు. అలిగిన బతుకమ్మ. ఈ రోజు ఎవరూ పేర్చరు, ఎవరూ ఆడరు, పువ్వుల కోసం ఎవరూ గేటు తట్టలేదు.

నేనూ తెంపలేదు. ఎల్లమ్మకు కూడా పెట్టలేదు. అలిగే హక్కు దేవతకేనా ఉండేది? పొద్దెక్కేదాకా ముసుగుతన్ని పడుకున్నాను. కిటికీలోంచి చూస్తే తీగ నిండా పువ్వులు విచ్చుకుని ఉన్నాయి, చాలా రోజుల తరువాత ఎండలో చూశాను వాటిని. మూలన నీళ్ల డ్రమ్ము పక్కన పిందె ఉన్నది కూడా ఒకటి విచ్చింది. నాకేం, కుళ్లేదే కదా అనుకుని మిషన్ దగ్గర కూర్చున్నాను. పండుగ బ్లౌజులు గుట్టగా పడి ఉన్నాయి.

అత్తమ్మ అన్నం పెట్టుకొచ్చి పక్కన పెట్టింది. "తిను. బతుకమ్మ రేపటికి అలక తీరుతది, నీది ఎన్నడు తీరుతదో" అంది.

సెప్టెంబర్ 27

పువ్వులు తెంపాను. ఇచ్చాను. కొంగు మళ్లీ పసుపు.

సెప్టెంబర్ 28

తీర్మానించుకున్నాను. రేపు సద్దుల బతుకమ్మ, పండుగ చివరి రోజు. పిందె ఉన్నవీ లేనివీ చూడను, తీగ మీదున్న ప్రతి పువ్వూ తెంపి బతుకమ్మలో పెడతాను. కోరుట్లలోనే పెద్ద బతుకమ్మ మాదే కావాలి. ఆ తరువాత తీగ పీకేస్తాను. గీత వస్తే కోతులు తిన్నాయని చెబుతాను. ఊరి నిండా కోతులే, ఎవరు కాదంటారు?

అమ్మా, నాతో కాలేదు.

సెప్టెంబర్ 29

జరిగింది జరిగినట్టు రాయాలి, లేకపోతే రేపటికి నాకు అనుకూలంగా మార్చేసుకుంటాను.

రాత్రి నిద్ర పట్టక పొద్దున ఆలస్యంగా లేచాను. బుట్ట తీసుకుని వెళ్లేసరికి ఎండ గోడ మీదికి వచ్చేసింది. గేటు వైపు నుంచి మొదలుపెట్టాను. తెంపడం కాదు, లాగడం. తీగ కదిలిపోతోంది, ఆకుల నూగు చేతులకు గీసుకుంటోంది. పిందె ఉన్న పువ్వులు కూడా రెండు తెంపాను, అమ్మ ముట్టొద్దన్నవి. అయినా ఆగలేదు.

డ్రమ్ము దగ్గరికి వచ్చి పెద్ద ఆకు పక్కకు లాగాను. దాని కింద కాయ ఉంది.

నిమ్మకాయంత. పచ్చగా, గట్టిగా, తెల్ల చుక్కలతో. చివరన పువ్వు వాడి వేలాడుతోంది. ఎన్నో పిందెలను చూశాను, ఈ పాటికి పసుపెక్కి జారిపోయేవి. ఇది వేలితో నొక్కితే నొక్కుకోలేదు. అలిగిన రోజు కిటికీలోంచి చూసి నాకేం అనుకున్నది ఇదే.

అక్కడే బురదలో కూలబడ్డాను. ఆ రోజు నేనేం చేశాను? ఏమీ చేయలేదు. నీళ్లు పోయలేదు, బూడిద చల్లలేదు. పువ్వులు తెంపలేదు.

నా ముఖానికి దగ్గరగా, ఇంకా తెంపని గొడ్డుపువ్వులోంచి ఒక తేనెటీగ బయటికి వచ్చింది. ఒళ్లంతా పసుపు పొడి, కాళ్లకు, వీపుకు, నర్సక్క బ్లౌజు మీద పడిన పసుపే. అది లేచి తిన్నగా పిందె ఉన్న పువ్వులోకి పోయి దూరింది. నేను నా వేళ్లు చూసుకున్నాను. కొంగు చూసుకున్నాను. వానాకాలం మొదలైనప్పటి నుంచి ఈ పొడిని సబ్బు పెట్టి కడిగి మోరీలో పారబోస్తున్నది నేను. ఎల్లమ్మ పటం ముందు పెట్టింది నేను. గల్లీ అందరికీ పళ్లేల్లో పంచింది నేను. ఈగల కోసం జగిత్యాల దాకా పోయి మొక్కలు తెచ్చాను, అవి పాపం వచ్చాయి, రోజూ వచ్చాయి. వాటికి మోయడానికి ఏమీ మిగల్చకుండా చీకటితోనే ఊడ్చేశాను.

నా మీద నాకు పుట్టిన కోపం ఇంత అని చెప్పలేను. మగ పువ్వు, ఆడ పువ్వు అని ఆ వీడియో ఆవిడ నోరు నొప్పెట్టేలా చెబుతుంటే ముందుకు జరిపాను కదా.

అమ్మ మీద కూడా కోపం వచ్చింది, ఒక నిమిషం. తరువాత బీర్పూర్ దడులు గుర్తొచ్చాయి. అమ్మ మా దడి మీది పువ్వులన్నీ తెంపినా పక్క దడి మీద, ఆ పక్క దడి మీద పువ్వులుండేవి. ఈగలు అక్కడి నుంచి మోసుకొచ్చేవి. ఇక్కడ కాలనీ మొత్తానికి గుమ్మడి తీగ నాదొక్కటే. అమ్మ మాట అమ్మ వాడకు సరిపోయింది.

ఎంతసేపటికీ రాకపోయేసరికి అత్తమ్మ వెతుక్కుంటూ వచ్చింది. చీర బురద, బుట్ట సగం. కాయ చూపించాను. అంతా చెప్పాను, గబగబా, ఏడుస్తూనే. ఆమె మోకాళ్లు పట్టుకుని వంగి, ఆకు ఎత్తి చూసింది.

"అలిగిన్నాటిదా ఇది?"

"ఆ."

"మరింక తెంపుతున్నవేంది, లే!"

తెంపడం ఆపి లేచాను. మరి గుమ్మడి పువ్వు లేకుండా సద్దుల బతుకమ్మ ఎలా అన్నాను. ఏటా గుమ్మడి పువ్వు నడిమి బొడ్డు తీసి గౌరమ్మగా పెట్టేది ఆమే, అది లేకుండా ఎప్పుడూ పేర్చలేదు. బుట్టలో తెంపినవి ఉన్నాయి కదా, అవి పెడదామన్నాను.

"అవి పెడితే రేపు మల్ల అడుగుతరు అందరు. పసుపు గౌరమ్మ సాలు. గౌరమ్మకు తెల్వదా మనింటి సంగతి?"

బుట్టలోని పువ్వుల్లో పొడి ఇంకా రాలుతోంది. రేకులు వొలిచి, ఆ పొడిని అప్పుడే విచ్చుకున్న, పిందె ఉన్న ఇంకో రెండు పువ్వుల్లో రుద్దాను. ఈగలు చేయాల్సిన పని. సిగ్గుపడుతూనే చేశాను.

సాయంత్రం ఆట దగ్గర అందరి బతుకమ్మలూ మధ్యలో పెడుతుంటే మాది కాస్త పొట్టిగా, అంతా గునుగు, తంగేడు, రేకబంతితో ఉంది. నర్సక్క వంగి చూసి, "ఏమైంది పోశవ్వా? ఊరందరికి పంచి మీ బతుకమ్మకే గుమ్మడి పువ్వు లేకపాయె!" అంది.

అత్తమ్మ కొంగు దోపుకుంటూ, "మా గుమ్మడి ఇంక అలిగే ఉన్నదే. కదిలియ్యకుండ్రి" అంది.

నవ్వు ఆగలేదు నాకు. చప్పట్లు కూడా తప్పాను.

సెప్టెంబర్ 30

గీత వచ్చింది. చెప్పులు విప్పి నేరుగా వెనక గోడ దగ్గరికి.

"రెండన్నవట గద వదినా?"

కోతులు నాలుక చివరిదాకా వచ్చాయి. మింగేశాను. "ఒకటే. అది కూడ నిన్ననే కనవడ్డది" అన్నాను.

ఆమె చాలాసేపు చూసింది. ముట్టుకోలేదు. "ఒకటి సాలు" అంది. నేను కాచుకుని ఉన్న మాట ఏదీ అనలేదు. పోతూ పోతూ రుద్రజడ కొమ్మ ఒకటి అడిగింది, మేడ మీద తొట్టిలో పెడుతుందట. రెండు ఇచ్చాను.

అక్టోబర్ 12

కాయ కింద గడ్డి మెత్త వేశాను. నేను రుద్దినవీ నిలిచాయి. ఇప్పుడు నిజంగానే రెండు, మొదటిదానితో కలిపి మూడు. రవీందర్‌కు ఫోటో పెట్టాను. దిష్టి సంగతి అతను ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

పొద్దున చెయ్యి ఊరుకోదు. ఇంకా తెంపడానికి లేచి కూర్చుంటున్నాను. ఎల్లమ్మకు రేకబంతి పెడుతున్నాను.

నవంబర్ 17

సిరిసిల్లలో అమ్మ ఏడాది చేశాం. మొదటి కాయ నేనే కోశాను. లోపల మామిడిపండు రంగు. రవీందర్ ముక్క వాసన చూసి బయటికి వెళ్లిపోయాడు, చాలాసేపటికి వచ్చాడు. బెల్లం నేను తక్కువ వేశాననిపించింది, అందరూ బాగుందన్నారు.

గింజలు కడిగి గీత జల్లెడలో ఆరబోసింది. సగం నువ్వు తీసుకో అన్నాను. కూర్చుని ఒక్కొక్కటి పట్టి చూసి, లావుగా ఉన్నవన్నీ ఏరుకుంది. నేను చూస్తూ ఊరుకున్నాను. ఊరుకోవడం ఎంత కష్టమో దేవుడికి తెలుసు.

కొంగున మూటగట్టుకుంటూ అడిగింది. "వదినా, తీగ పూసినంక బతుకమ్మకు ఏ పువ్వు తెంపాలె? పిందె లేనిదే గదా? మీ అమ్మ అట్లనే అంటుండె."

"ఏదీ తెంపకు. బతుకమ్మకు పువ్వులు బజార్ల కొనుక్కో" అన్నాను.

అమ్మ ఉండి ఉంటే నా నెత్తి మీద మొట్టేది.